కింది చెక్క నాది

అక్టోబర్ 9, 2018

అసుంతా తోట అమ్మకానికి పెట్టింది. ఆరేళ్ల కిందటి వరకు ఆమె నా భార్య. సోలార్ కంపెనీ మొత్తం కొంటుందట, నా కింది పొలం చెక్కతో కలిపి. ఇక్కడ ఇది వసంతం, నారింజలు పూత మీద ఉన్నాయి. పీకేసి అద్దాలు పరుస్తారు.

ఆ చెట్లు నేను నాటినవి. పీకనివ్వను.

అక్టోబర్ 10

రోజూలాగే నీళ్లు కట్టడానికి వెళ్లాను. ఆమె కోళ్లు కంచె కింద దూరి వచ్చి నా చెట్ల మొదళ్లు కెలుకుతున్నాయి. అన్నిటికంటే ముందు ఆ ముసలి నల్లపెట్ట. అసుంతా మెట్ల మీద నిలబడి, ఇంకా ఎన్నాళ్లొస్తావయ్యా, కాగితం మీద నీ పేరెక్కడుందో చూపించు అంది. నాకు మాట తొందరగా రాదు. పార కడుక్కుని వచ్చేశాను.

కాగితం మీద నా పేరు లేదు, నిజమే. అప్పట్లో మా తమ్ముడి అప్పుకు హామీ ఉన్నాను. బ్యాంకు తోట మీద పడకుండా అంతా ఆమె పేర రాయించాను. బ్యాంకు నుంచి దక్కించుకున్నాం.

అక్టోబర్ 17

లాయర్ని కలిశాను. బ్రోన్విన్ అని చిన్నపిల్ల. డివోర్స్ అయిన ఏడాదిలోపే ఆస్తి పంపకం అడగాలి, మీరు చాలా ఆలస్యం చేశారు నికోదెమో గారూ అంది. ఇప్పుడు అడగాలంటే ముందు కోర్టు పర్మిషన్ కావాలట. ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నానో చెప్పాలట.

పంపకం అప్పుడే అయిపోయింది కదమ్మా అన్నాను. ఎవరు చేశారు అంది. కోసిమో అన్నాను. ఆయన జడ్జా అంది. కాదు, మా పెళ్లి పెద్ద, పంపు మోటార్లు బాగు చేస్తాడు అన్నాను. పెన్ను కింద పెట్టేసింది.

ఈ దేశం రాకముందు, కాలాబ్రియాలో మా ఊరి పద్ధతి అది. పంపకం కుదిరితే పెళ్లి పెద్ద రొట్టె విరిచి చెరో ముక్క ఇస్తాడు. తిన్నాక మాట తప్పకూడదు. ఇల్లూ పై తోటా అసుంతాకి, కింది చెక్క నాకు అని కోసిమో మా వంటింటి బల్ల దగ్గరే విరిచాడు. ఆ తర్వాత కోర్టు గుర్తుకే రాలేదు.

అక్టోబర్ 21, ఆదివారం

క్లబ్బులో పేకాట. పెళ్లాం మీద కేసేసే మగాడొచ్చాడు, కుర్చీ దాచండ్రా, దాని మీద కూడా వేస్తాడు అన్నారు. నవ్వారు. కూర్చున్నాను. గెలిచే దాకా లేవలేదు.

నవంబర్ 2

కోసిమో సాక్ష్యం చెప్పనన్నాడు. ఒరే, మీ ఇద్దరికీ నేనే కదరా పెళ్లి పెద్దని, ఒకరి వైపు ఎలా నిలబడను అన్నాడు. నిలబడొద్దు, కూర్చునే చెప్పు అన్నాను. నవ్వాడు. ఒప్పుకోలేదు.

నవంబర్ 14

అసుంతా అఫిడవిట్ ఇచ్చింది. పంపకం అనేదే జరగలేదట. ముసలాయన చెట్ల చుట్టూ తిరుగుతుంటే జాలిపడి రానిచ్చిందట. జాలి అన్న ముక్క మళ్లీ చదివించుకున్నాను.

సాక్షి లేడు, రాజీ పడి వదిలేయండి అంది బ్రోన్విన్. వదలనన్నాను.

డిసెంబర్ 5

సంగతి తేలేదాకా అమ్మకం ఆపమంది కోర్టు. అమ్మకం బోర్డెక్కి కూర్చుంది నల్లపెట్ట.

ఫిబ్రవరి 12, సాయంత్రం

పెళ్లి కోటు వేసుకుని వెళ్లాను. బొత్తాం పట్టలేదు. ఎందుకు ఆలస్యం చేశారని జడ్జి అడిగాడు. రొట్టె తిన్నాం సార్ అన్నాను. ఇంక మాట రాలేదు. ఆమె లాయర్ నవ్వాడు.

తర్వాత అసుంతాను పిలిచారు. పంపకం రొట్టె తిని మాట తప్పిన మనిషిని మీ ఊళ్లో ఏమంటారమ్మా అని బ్రోన్విన్ అడిగింది. వెనక బెంచీల మీద కోసిమో ఉన్నాడు, క్లబ్బు వాళ్లున్నారు. అసుంతా ముఖం కందగడ్డ అయింది. నేను తిన్లేదు అంది. ఆమె లాయర్ లేవబోయాడు. మీరు కూర్చోండి బాబూ, ఇది నా పరువు సంగతి అంది. కోసిమో విరిచిచ్చాడు, ఈయన గబుక్కున మింగేశాడు, నేను నా ముక్క ఏప్రన్ జేబులో వేసుకున్నా, వీళ్లు వెళ్లాక కోళ్లకేశా, తిని తప్పే మనిషిని కాదు నేను, రాసుకోండి అంది.

జడ్జి రాసుకున్నాడు. అంటే ఆ రోజు పంపకం జరిగిందన్నమాట అన్నాడు, మెల్లగా.

అసుంతా కోసిమో వైపు చూసింది. ఆయన నేల చూశాడు. జరిగింది అంది ఆమె.

బయట గుమ్మం దగ్గర ఎదురుపడింది. గెలిచానని మురిసిపోకు, తిననిది తిననిదే అంది. నేను తిన్నాను కదా అన్నాను. ఈసారి మాట వెంటనే వచ్చింది.

ఫిబ్రవరి 26

పర్మిషన్ వచ్చింది. ఆలస్యమైనా అడగవచ్చట. అసలు కేసు ఇంకా ముందుంది, ఓడిపోవచ్చు కూడా అంది బ్రోన్విన్.

అడుగుతాను.

ఫిబ్రవరి 27

నీళ్లు కట్టాను. నల్లపెట్ట వచ్చింది. అసుంతా వంతు రొట్టె తిన్నవాటిలో మిగిలింది ఇదొక్కటే. ఇది మాట తప్పలేదు. గింజలు వేశాను.