ముడుల్లేని చొక్కా

ఫిబ్రవరి 12

నా చిన్నారి చెల్లెలు తెక్లకు,

క్రీస్తుకు మహిమ. నీ అక్క పరాస్కా ముద్దులతో వ్రాయునది. ఇక్కడ నేనూ, నా పిల్లీ కులాసా. మంచు కిటికీ సగం దాకా వచ్చింది గానీ పొయ్యి బాగానే మండుతోంది. మీ ఆయనకి దగ్గు తగ్గిందని రాశావు. అంత వానల ఊళ్ళో దగ్గు తగ్గిందంటే నేను నమ్మను, ఇంకోసారి డాక్టరుకి చూపించు.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. మోకాలికి సూది వేయించుకున్నాను, డాక్టరుకే మేలు జరిగింది. మన సంఘం హాలు పైకప్పు బాగుచేశారు. మళ్ళీ కారుతుంది, చూస్తూ ఉండు. శుక్రవారాలు పదిమంది ఆడవాళ్ళం కూర్చుని పిండిలో బంగాళాదుంప కూరి పిరోహీలు ఒత్తుతూనే ఉన్నాం. పుల్లమీగడ డబ్బా మాత్రం ప్రతివారం మూత తీసేసరికే సగానికి ఉంటోంది. ఎవరి పనో నాకు తెలుసు, పేరు రాయను. కొత్త సంవత్సరపు మలాంకా పండగలో మన బృందం ఫోటో పత్రికలో చూసి ఒక సంగతి అడిగావు. దానికి తర్వాత వస్తాను.

ముందు జోరియానా సంగతి వినాలి. మన తాతల దేశంలో యుద్ధం మొదలయ్యాక అక్కడి తెర్నోపిల్ వైపు నుంచి వచ్చి, మన డాన్సు మాస్టారు ఒరెస్ట్ ఇంటి మేడ మీద దిగింది. ముప్పై ఏళ్ళుంటాయి. అక్కడ ఏదో పెద్ద బృందంలో ఆడేదట. వచ్చిన మొదటిరోజే పిల్లల నాట్యం చూసి, "మాస్టారూ, ఇది నాట్యమా, గుర్రాల సర్కసా?" అని ఒరెస్ట్ మొహానే అడిగింది. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది. నచ్చనిది ఆమె చూపు.

నలభై మూడేళ్ళుగా బృందం బట్టల గది తాళంచెవి నా మెడలోనే ఉంది కదా. అడుగులు దిద్దే మనిషికి ఆ గదిలో ఏం పని? వస్తుంది, ఒక్కో చొక్కా తీస్తుంది, తిరగేసి లోపలి కుట్టు చూస్తుంది. మెచ్చుకునేవాళ్ళు పైన చూస్తారు, లోపల చూసేవాళ్ళు దేనికోసమో వెతుకుతున్నట్టే. "బామ్మా, ఇది ఎవరిది? ఏ ఊరి నుంచి వచ్చింది?" అని ఒకటే ఆరా. అప్పటినుంచి రోజూ లెక్కపెట్టుకునేదాన్ని. నవ్వకు, చొక్కాల పెట్టె మూతకి అడ్డంగా ఒక దారప్పోగు కూడా అంటించాను.

ఒక గురువారం ఆ పోగు తెగి ఉంది. నల్లదారపు పూల చొక్కా లేదు. స్వాగత నాట్యంలో అతిథులకి ఉప్పూ రొట్టే పట్టుకుని ముందు నడిచే పిల్ల వేసుకునేది అదే. ఆ రాత్రి నాకు కునుకు పడితే ఒట్టు.

శుక్రవారం అందరి ముందూ అడిగాను. "ఏమ్మా జోరియానా, మా చొక్కా దానంతటది నీ సంచిలోకి నడిచొచ్చిందా?"

పిండి ఒత్తే చేతులన్నీ ఆగిపోయాయి.

"నడవలేదు బామ్మా. నేనే తీశాను."

"విన్నారా! నేను చెబితే అందరూ ముసలిదాని చాదస్తమన్నారు!"

"నెమ్మది పిన్నీ, బీపీ పెరుగుతుంది," అన్నాడు ఒరెస్ట్.

"పెరిగితే నాది పెరుగుతుంది, నీకేం?"

జోరియానా చేతులు కడుక్కుని నన్ను బట్టల గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూసింది. సంచిలోంచి తెల్లటి దిండు గలీబు తీసింది. చొక్కా అందులో శుభ్రంగా మడతపెట్టి ఉంది.

"ఇది వేసుకుని ఆ పిల్ల నవ్వుతూ అతిథులకి ఎదురెళుతుంటే చూడలేకపోయాను బామ్మా."

"ఎందుకు, చిరిగిందా?"

"చూడండి, పూల కుట్టులో ఎక్కడా ఒక్క ముడి లేదు. దారం మొదట్లో లేదు, చివర లేదు. మా అమ్మమ్మ తన ఆఖరి చొక్కా ఇలాగే కుట్టుకుంది. ముడి వేస్తే ప్రాణం అందులో చిక్కుకుంటుందనేది. ఇది మట్టిలోకి వెళ్ళాల్సిన చొక్కా." ఆమె నడుము దగ్గర మడత తిప్పింది. "ఇక్కడ మాత్రం ముడులున్నాయి. దారం వేరు, చెయ్యీ వేరు. ఇవి ఎవరు వేశారు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి.

తెక్లా, ఇప్పుడు ఫోటో సంగతి. ఎడమ చేతి పట్టీ మీద నల్లపూల మధ్య ఒక ఎర్ర కుట్టు కనిపిస్తోంది, అది నువ్వు వేసిందేనా అని అడిగావు. అలాంటి చొక్కాలు ఊరికి వంద ఉంటాయని ఒక ఉత్తరం రాసి చింపేశాను. నీదే. నీ పెళ్ళికి ముందు చలికాలం అమ్మ తన ఆఖరి చొక్కా కుట్టుకుంటుంటే పక్కన కూర్చుని తమాషాకి వేశావు. విప్పబోతే అమ్మే వద్దంది. "ఉండనీ, అక్కడ దీన్ని చూసుకుని నిన్ను తలుచుకుంటాను," అంది.

అమ్మ పోయినప్పుడు నువ్వు కాన్పయి ఆసుపత్రిలో ఉన్నావు, ఇక్కడ మంచుకి దారులు మూసుకుపోయాయి. పోయాక తొడగమని అమ్మ మంచం కింద సిద్ధం చేసుకున్న మూట విప్పాను. ఆ వేసవిలోనే మన బృందం పెద్ద ఉత్సవానికి వెళ్ళాలి. ముందు నడిచే పిల్లకి సరైన చొక్కా లేదు. ఇంత పనితనం మట్టిపాలు చేస్తామా అనిపించింది. అమ్మకి నీలం గౌను తొడిగి మెడ దాకా దుప్పటి కప్పాను. నువ్వు ఫోన్లో ఏడుస్తూ, "అక్కా, అమ్మకి తన చొక్కాయే తొడిగావా?" అన్నావు. "తొడిగాను, ఎంత బాగుందో," అన్నాను. తర్వాత ఆ పిల్లకి సరిపడా నడుము బిగించి నా ముడులు వేశాను.

ఎవరో ఎత్తుకుపోతారని ఇన్నేళ్ళూ అందరి సంచులూ చూశాను. నా సంచి నేను చూసుకోలేదు. క్షమించమనడానికి సిగ్గుగా ఉంది, అయినా అడుగుతున్నాను.

ఇదంతా జోరియానాకి చెప్పేశాను. ఆమె తిట్టలేదు. పోయినవాళ్ళకి ఇవ్వాల్సింది మరిచిపోతే, ఆ ఇంట్లో తర్వాత పోయేవాళ్ళ పక్కన పెట్టి పంపుతారట వాళ్ళ ఊళ్ళో.

"అయితే నేనెప్పుడు పోతానా అని కాచుకుని ఉన్నావన్నమాట," అన్నాను.

"తొందరేం లేదు బామ్మా, ముందు పాస్కా పండగకి కొత్త చొక్కా కుట్టాలి," అని నవ్వింది.

ఇద్దరం కుడుతున్నాం. బతకాల్సిన పిల్లది కదా, ముడులు గట్టిగా వేయమంటున్నాను. గదికి రెండో తాళంచెవి చేయించి ఆమెకిచ్చాను. ఆమె వెళ్ళేటప్పుడు సంచిలోకి మాత్రం ఇంకా తొంగి చూస్తాను, అలవాటు పోలేదు.

పాత చొక్కాకి నా ముడులన్నీ విప్పేశాను. అదిప్పుడు నా మంచం కింద నా మూటలో ఉంది. నేను పోయాక నాకు తొడగొద్దు, పక్కన పెట్టాలి. అమ్మకి నా చేత్తోనే ఇచ్చి, పడాల్సిన చీవాట్లు పడతాను. ఆ రోజు నువ్వు ఫోన్ చేసి అడగకు. పెట్టాం అని ఒరెస్ట్ చెప్పినా, ఫాదర్ చెప్పినా నమ్మకు. దారులు మూసుకుంటే తెరిచేదాకా నన్ను ఉంచమని చెప్పు. నువ్వే వచ్చి దుప్పటి తీసి చూడు. నీ ఎర్ర కుట్టు కంటపడేదాకా నా శవపెట్టె మూత వేయనివ్వకు.

ఇట్లు,
నువ్వు ఇంతకాలం నమ్మిన అక్క
పరాస్కా