బావను ఇంకొన్నాళ్లు ఉండనీ

మార్చి 9. తెల్లవారుజామున చినుకులు, ఇప్పుడు ఎండ. బట్టలు ఉతికి ఆరేశాను.

అక్కా,

బావను తీసుకెళ్లడానికి వస్తానని రాశావు. అప్పుడే రావద్దు. కొట్టు మూతపడ్డప్పటి నుంచీ ఆయన నోరు విప్పడం లేదన్నావు. ఎదురుగా కూర్చుని అడిగితే నా దగ్గరా తల దించుకునేవారు. అందుకే అడగడం మానేసి, రోజూ నాతోపాటు నడకకు తీసుకెళ్తున్నాను. పక్కపక్కన నడిచేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు.

నిన్న వంతెన ఎక్కుతూ, "ఏమోయ్, నన్ను నడిపిస్తున్నావా, తరుముతున్నావా?" అన్నారు. నవ్వాను. వంతెన దిగేదాకా కొట్టు సంగతంతా ఆయనే చెప్పారు. రాత్రి హాయిగా నిద్రపోయారు. ఆయన కోలుకుంటారు, నాదీ పూచీ. బూట్లు మాత్రం పంపు.

ఇదిగో, గుమ్మంలో నిలబడి, "ఉత్తరం తర్వాత రాసుకోవచ్చు, ఎండెక్కకముందే పద!" అంటున్నారు. ఇవాళ నేనింకా పిలవనే లేదు. గిన్నెలు అలాగే ఉన్నాయి, వచ్చాక