గోడ దాటిన పెద్దల్లుడు

నల్లరేగడిపాలెం,
12-7-2008

హైదరాబాదులో కంప్యూటర్లకు వైద్యం చేసే మా బావమరిది ప్రేమ్‌చంద్‌ని మీ పెద్దబావ యలమంద దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నామని రాయడం ఆచారం కాబట్టి రాశాను. నిజానికి నేను బాగాలేను.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. నా గొంతు సంగతి నీకు తెలుసు. పత్తి చేలో కూలీలను గట్టు మీద నుంచి కేకేసి కేకేసి ఇలా తయారైంది. ఫోన్లో ఎంత మెల్లగా మాట్లాడినా గోడ అవతల చెంచయ్యకు వినపడుతుంది. ఇది వాడికి తెలియకూడని సంగతి, ఎందుకంటే ఇది వాడి సంగతే.

నా తోడల్లుడు చెంచయ్య, అదే మీ చిన్నక్క మొగుడు, ల్యాప్‌టాప్ కొన్నాడు. దాంతోపాటు వైర్లు లేకుండా ఇల్లంతా నెట్టు వచ్చే డబ్బా ఒకటి గోడకు బిగించాడు. బిగించుకోనీ, నాకేం? కానీ మీ అమ్మగారు టీచరుగా రిటైరై పొన్నూరు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఒక నెల మా ఇంట్లో, ఒక నెల వాళ్ళింట్లో ఉంటున్నారు కదా. ఈ నెల నా వంతు. అయినా సరే, ట్రంకు పెట్టె సర్దుకొని గోడ అవతలికి వెళ్ళిపోయారు. నీకు సంబంధాలు నెట్టులో చూడాలట. రోజుకు నలభై మంది అమ్మాయిల్ని చూస్తున్నారు. పక్కన చెంచయ్యగాడు కుర్చీ వేసుకొని, "ఈ పిల్ల కళ్ళు బాగున్నాయత్తయ్యా, ఆ పిల్ల వాళ్ళకి మాగాణి ఉందంటత్తయ్యా" అంటూ కూర్చుంటున్నాడు.

మామగారు లేని ఇంట్లో నీ సంబంధం మాట్లాడి, తాంబూలాలు పుచ్చుకొని, పెళ్ళిపెద్దగా నిలబడాల్సింది పెద్దల్లుడు. అది నా హక్కు. నేను ఓర్వలేక రాస్తున్నానని అనుకుంటావేమో. ఓర్వలేకే రాస్తున్నాను. నాలుగు రోజుల నుంచి అన్నం సహించడం లేదు. అలాంటి డబ్బా మా ఇంట్లో ఎలా పెట్టాలో వెంటనే రాయి.

ఇట్లు,
మీ పెద్దబావ,
యలమంద

తా.క.: వాడు ఆ డబ్బాకు పసుపు రాసి, బొట్టుపెట్టి, బంతిపూల దండ వేశాడు. దేవుడి పటాలకు లేదు దండ.


హైదరాబాదు,
17-7-2008

పెద్దబావకు మీ ప్రేమ్‌చంద్ నమస్కారాలు.

బావా, ఇది పెద్ద పనేం కాదు. ఫోను వాళ్ళకు దరఖాస్తు పెడితే నెట్టు లైనూ, వైఫై డబ్బా వాళ్ళే ఇస్తారు. డబ్బాను ఇంటి మధ్యలో కాస్త ఎత్తుగా పెట్టండి. దానికో పేరు పెట్టమని అడుగుతుంది. ఏ పేరు పెడితే ఆ పేరు చుట్టుపక్కల కంప్యూటర్లన్నింటిలోనూ కనపడుతుంది కాబట్టి మర్యాదగా ఉండే పేరు పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం, పెట్టిన రోజే దాన్ని బాగా భద్రం చేసుకోండి. లేకపోతే గోడ అవతలి వాళ్ళు కూడా వాడేసుకుంటారు.

ఉంటాను,
ప్రేమ్‌చంద్

తా.క.: సంబంధాల విషయంలో నాకేం తొందర లేదని అమ్మకు చెప్పండి. అసలు తొందరే లేదని చెప్పండి.


నల్లరేగడిపాలెం,
2-8-2008

బావమరిది ప్రేమ్‌చంద్‌కు యలమంద ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ల్యాప్‌టాప్ కొన్నాను, చెంచయ్య దానికంటే అంగుళం పెద్దది. డబ్బాకు 'పెద్దల్లుడు' అని పేరు పెట్టాను. ఇంగ్లీషు అక్షరాల్లో వస్తుందట. రానీ. పొద్దున్నే వాడు కంప్యూటర్ తెరవగానే ముందు నా హోదా కనపడాలి.

భద్రం చెయ్యమన్నావుగా, ఆ విషయంలో నీకు దిగులక్కర్లేదు. ఇనప బీరువాలో పెట్టాను. మీ అక్క పట్టుచీరలకూ పొలం దస్తావేజులకూ మధ్యన. ఎలక్ట్రీషియన్ ఆదాం చేత బీరువా వెనక రేకుకు చిల్లు పొడిపించి, కరెంటు వైరూ ఫోను వైరూ లోపలికి తెప్పించాను. తాళంచెవి నా మొలతాడుకు ఉంది. దొంగ రావాలంటే నన్ను దాటి రావాలి.

ఒకటే ఇబ్బంది. నెట్టు కూడా బీరువాలోంచి బయటికి రావడం లేదు. తలుపు తీసి, మీ అక్క చీరలు పక్కకు జరిపి, ల్యాప్‌టాప్ లోపలికి దూరిస్తే వస్తోంది. మీ అమ్మగారు ట్రంకు పెట్టెతో సహా వచ్చారు. బీరువాలో తలపెట్టి ఒక అమ్మాయి ఫోటోలో నుదురు వరకూ చూశారు. ముక్కు వచ్చేలోపు నడుం పట్టేసింది. పెట్టె మళ్ళీ గోడ అవతలికి వెళ్ళిపోయింది. దాన్ని మోసుకెళ్ళింది నేనే. చెంచయ్య గుమ్మంలో నిలబడి, "అయ్యో, నేనొచ్చి తెచ్చుకునేవాణ్ణిగా అన్నయ్యా" అన్నాడు. ఆ 'అన్నయ్యా' అన్న తీరుకు నా ఒళ్ళు మండిపోయింది.

ఇట్లు,
యలమంద

తా.క.: వాడు తన డబ్బా పేరు 'ముద్దులల్లుడు' అని మార్చుకున్నాడు. ఎవరికి ముద్దో రాయలేదు.


హైదరాబాదు,
7-8-2008

పెద్దబావకు నమస్కరిస్తూ ప్రేమ్‌చంద్.

బావా, ముందు ఆ డబ్బాను బీరువాలోంచి తీయండి. ఇనుములోంచి సిగ్నల్ బయటికి రాదు. భద్రం చెయ్యమంటే డబ్బాను దాచమని కాదు, దానిలోకి వచ్చే దారికి తాళం వెయ్యమని. ఆ తాళం ఒక మాట. పాస్‌వర్డ్ అంటారు. ఆ మాట తెలిసినవాడి కంప్యూటర్‌కే నెట్టు వస్తుంది. డబ్బా కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఉండే మాట లోకంలో అందరికీ తెలుసు, అది తీసేసి మీ సొంత మాట పెట్టండి. బయటివాళ్ళ నోట రాని మాట అయి ఉండాలి.

మీ
ప్రేమ్‌చంద్

తా.క.: అమ్మకు నడుం నొప్పి తగ్గేదాకా సంబంధాలు చూడొద్దని చెప్పండి. డాక్టరు చెప్పాడనండి. ఏ డాక్టరని అడిగితే నా పేరు చెప్పకండి.


నల్లరేగడిపాలెం,
24-8-2008

ప్రేమ్‌చంద్‌కు, కడుపు మండుతున్న మీ పెద్దబావ రాస్తున్నది.

డబ్బా బయటికి తీశాను. దూలానికి మేకు కొట్టి తగిలించాను. నెట్టు వంటింట్లోకీ, వసారాలోకీ, గేదెల కొట్టంలోకీ కూడా వస్తోంది. మాట మాత్రం వెంటనే పెట్టలేదు, తీరిగ్గా మంచి మాట చూసి పెడదామని. అదే నేను చేసిన తప్పు.

మూడోరోజున మీ అమ్మగారు గోడ మీదుగా పలకరించి, "ఏమయ్యా యలమందా, చెంచయ్య కంప్యూటర్లో పెద్దల్లుడు, పెద్దల్లుడు అని వస్తోందేం? దాన్ని నొక్కితేగానీ సంబంధాలు రావడం లేదు" అన్నారు. మొదట నాకు ఛాతీ ఉప్పొంగింది. వాడింట్లో కూర్చొని కూడా ఆవిడ నన్నే నొక్కుతున్నారు కదా అని. కాసేపటికి అర్థమైంది. ఆ చెంచయ్యగాడు సొంత నెట్టు తీయించేసి, నా నెట్టు మీద బతుకుతున్నాడు. నా సిగ్నల్‌తో, వాడి కూలర్ గాలిలో, మీ అమ్మగారు నీకు పిల్లను వెతుకుతున్నారు. నీకు ఎండు మిరపకాయల కల్లంలో కళ్ళు నులుముకున్న అనుభవం ఉందా? నాకు ఇప్పుడు లోపలంతా అలాగే ఉంది.

ఆ సాయంత్రమే మాట పెట్టాను. బయటివాళ్ళ నోట రాని మాట అన్నావుగా, నేను ఇంట్లోవాళ్ళ నోట కూడా రాని మాట పెట్టాను. నా పేరే పెట్టాను. మీ అక్కకు తెలిసినా ఫర్వాలేదు, ప్రాణం పోయినా మొగుడి పేరు పలకదు. పదహారేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా పలకలేదు. రేషన్ కార్డు రాయించుకునేటప్పుడు కూడా నన్ను వేలితో చూపించింది. ఇంతకంటే గట్టి తాళం మీ హైదరాబాదులో ఉందా?

తెల్లారేసరికి చెంచయ్య మళ్ళీ నా నెట్టులో ఉన్నాడు.

ఏం జరిగిందంటే, మీ చిన్నక్క గోంగూర కోసమని వచ్చి, "అక్కా, ఏం మాట పెట్టారే?" అని అడిగింది. మీ పెద్దక్క ఆచారం తప్పలేదు. "ఆయన పేరేనే" అంది, అంతే. నేను నిలదీస్తే, "నేను పేరు పలికానా? పలకలేదుగా" అని నా మీదే ఎగిరింది. ఇంగ్లీషులో నా పేరు ఎలా రాస్తారో వాడికి ఎలా తెలిసిందని ఆరా తీశాను. మా పెళ్ళి శుభలేఖ వాళ్ళింట్లో దాచిపెట్టారట.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మగారు పొన్నూరు సంబంధం ఒకటి పక్కకు పెట్టారట. బియ్యం మిల్లు వాళ్ళట. వచ్చే నెల ఏడో తేదీ ఆదివారం తాను వెళ్ళి మాట్లాడి వస్తానని చెంచయ్య ఊరంతా చెప్పుకుంటున్నాడు. తెల్ల చొక్కా ఇస్త్రీకి కూడా ఇచ్చాడు. నేనిక్కడ బతికుండగా వాడు తాంబూలం పుచ్చుకుంటాడా? ఏదో ఒకటి చెయ్యి.

ఇట్లు,
నెట్టు ఉన్నా దిక్కులేని
యలమంద

తా.క.: నేను కూడా చొక్కా ఇస్త్రీకి ఇచ్చాను. ఎక్కడికో ఇంకా తెలియదు.


హైదరాబాదు,
29-8-2008

నాకు దేవుడితో సమానమైన పెద్దబావకు ప్రేమ్‌చంద్ పాదాభివందనాలు.

బావా, ఈ ఉత్తరం చదివి చించెయ్యండి. నెట్టు సంగతి రెండు ముక్కల్లో రాస్తాను. పాస్‌వర్డ్ మార్చండి, పేర్లు వద్దు, అక్షరాలూ అంకెలూ కలిపి అర్థం లేని మాట పెట్టండి. అర్థం ఉంటే మన ఇంట్లో ఎవరో ఒకరు అర్థం చెప్పేస్తారు.

ఇక అసలు సంగతి. నాకు పొన్నూరు సంబంధం వద్దు. నెట్టులో ఏ సంబంధమూ వద్దు. మా ఆఫీసులోనే భవ్య అని ఒక అమ్మాయి పనిచేస్తోంది. వాళ్ళది చీమకుర్తి. నాన్నగారు గ్రానైట్ కోత మిషన్లు నడుపుతారు. మేమిద్దరం ఏడాది కిందటే అనుకున్నాం. అమ్మకు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. మీ బీరువా పుణ్యాన అమ్మకు నడుం పట్టేసి ఉన్నన్నాళ్ళే నేను ప్రశాంతంగా నిద్రపోయానని ఒప్పుకుంటున్నాను.

బావా, నాన్న పోయాక నాకు మీరే పెద్దదిక్కు. ఇంకెవరినీ అడగలేను. ఆ ఆదివారం చిన్నబావ పొన్నూరు బస్సెక్కేలోపు మీరు చీమకుర్తి వెళ్ళి భవ్య వాళ్ళ నాన్నగారితో మాట్లాడండి. వాళ్ళ చిరునామా వెనకవైపు రాశాను. మీరు ఒప్పుకుంటే అమ్మ ఒప్పుకుంటుంది.

మీ చేతుల్లో ఉన్న
ప్రేమ్‌చంద్

తా.క.: కొత్త పాస్‌వర్డ్‌గా దయచేసి భవ్య అని పెట్టకండి.


నల్లరేగడిపాలెం,
9-9-2008

శ్రీమాన్ ప్రేమ్‌చంద్‌గారి సముఖానికి, దేవుడితో సమానుల్లో ఒకడైన యలమంద రాస్తున్నది.

నాయనా, నీ ఉత్తరం చదివి నేను ఏడ్చాను. నువ్వు నన్నొక్కణ్ణే అడిగావని. చెంచయ్యను కాదని నన్ను అడిగావని. అందుకు ఏడ్చాను. ఇస్త్రీ చొక్కా వేసుకొని, మీ అక్కకు కూడా చెప్పకుండా, ఆదివారం పొద్దున్నే బస్సులో ఒంగోలు వెళ్ళి, అక్కణ్ణుంచి చీమకుర్తి చేరాను. రాళ్ళ లారీల దుమ్ముకు ఆ చొక్కా రంగు మారింది, అది వేరే సంగతి.

భవ్య వాళ్ళింట్లోకి అడుగుపెట్టేసరికి సోఫాలో చెంచయ్య. తెల్లచొక్కా, చేతిలో కాఫీ.

వాడు జేబులోంచి ఉత్తరం తీశాడు, నేను నాది తీశాను. నా దాంట్లో 'నాకు దేవుడితో సమానమైన పెద్దబావ', వాడి దాంట్లో 'నాకు దేవుడితో సమానమైన చిన్నబావ'. 'ఇంకెవరినీ అడగలేను' అన్నది రెండింట్లోనూ ఉంది. వాడికి 'పెద్దబావకు తెలిసేలోపు మీరే వెళ్ళండి' అని రాశావు. ఒరేయ్, నువ్వు నెట్టుకు వేయించిన తాళాలన్నీ ఒకెత్తు, మా ఇద్దరికీ వేసింది ఒకెత్తు.

అయితే పక్కన వాడుండగా నేను ఊరుకోగలనా? అమ్మాయి తండ్రి నీ గురించి అడిగారు. నీకు సిగరెట్ అలవాటు లేదన్నాను. చెంచయ్య నీకు కాఫీ అలవాటు కూడా లేదన్నాడు. నువ్వు ఎదురు మాట్లాడవన్నాను. అసలు మాట్లాడనే మాట్లాడవన్నాడు. మేమిలా పోటీ పడుతుంటే నువ్వు మనిషివేనా అని ఆయనకు అనుమానం వచ్చింది. చివరికి, "ఇంతకీ పెళ్ళిపెద్ద ఎవరండీ?" అని అడిగారు. ఇద్దరం ఒకేసారి లేచి నిలబడ్డాం.

"కూర్చోండి ఇద్దరూ" అని లోపల్నుంచి వినిపించింది. మీ అమ్మగారు. అమ్మాయి వాళ్ళమ్మతో కలిసి పెసరట్టు తింటున్నారు. పొన్నూరులో మిల్లు లేదు, మిల్లువాళ్ళూ లేరు. నీ జీతం పెరిగినా ఫోన్లో పెళ్ళి మాట ఎత్తనివ్వకపోయేసరికి అనుమానమొచ్చి, పొన్నూరు సంబంధమని ఊరికే పుకారు పుట్టించారట. పుట్టించగానే నువ్వు మా ఇద్దరికీ రాశావు. చెంచయ్య తన ఉత్తరాన్ని రెండోసారి ఇస్త్రీకిచ్చిన చొక్కా జేబులో వదిలేస్తే, చాకలి పుల్లమ్మ తెచ్చి ఆవిడ చేతికే ఇచ్చింది. చదివి, మళ్ళీ జేబులోనే పెట్టి, మాకంటే ముందు బస్సెక్కారు. అమ్మాయి నచ్చింది. తాంబూలాలు ఆవిడే పుచ్చుకున్నారు. మాఘమాసంలో పెళ్ళి.

"మరి ఇన్నాళ్ళూ రెండిళ్ళలో నెట్టు ముందు కూర్చొని ఏం చేశారత్తయ్యా?" అని అడిగాను.

"మొదటి వారం అమ్మాయిల్ని చూశాను. తర్వాత అదే కంప్యూటర్లో పేకాట దొరికింది. నా కోసం మీరిద్దరూ అలా కొట్టుకుంటుంటే, చూడటం మానేశానని చెప్పబుద్ధి కాలేదయ్యా" అన్నారు.

తిరుగు బస్సులో చెంచయ్య నాకు కిటికీ పక్క సీటు ఇచ్చాడు. తీసుకున్నాను. పెద్దవాణ్ణిగా నాకు ఇచ్చాడా, ఎండ తగులుతుందని ఇచ్చాడా అన్నది ఒంగోలు దాకా ఆలోచించాను.

ఇట్లు,
మీ పెద్దబావ,
యలమంద

తా.క.: భవ్యకు ఒక అక్క ఉందనీ, ఆ అక్క మొగుడు మీ మామగారి పక్క కుర్చీలోనే కూర్చుంటాడనీ నువ్వు రాయలేదు. నీ ఫోటో చూసి, "జీతం ఎంతంట?" అని అడిగాడు. చెప్పాను. గ్లాసెడు మంచినీళ్ళు గటగటా తాగి, మళ్ళీ ఫోటో తీసుకొని చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు నాయనా, రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూస్తుంటాను.