తగ్గించి రాసిన కొలత

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. అమ్మా, నేనూ, మీ బావా కులాసాగానే ఉన్నాం. నువ్వూ అలాగే ఉన్నావని నీ ఉత్తరం చదివి సంతోషించాం. అక్షరాలు మాత్రం ఎప్పటిలాగే కోడి కెలికినట్టున్నాయి.

అడిగినవాటికి జవాబులు. వంటింటి పైకప్పు కారడం ఆగింది. అమ్మ మోకాలు పరవాలేదు. నాన్న కుట్టుమిషన్‌ను మేం అమ్మలేదు. అమ్మ దానిమీద గుడ్డ కప్పి, రోజూ ఆ గుడ్డనే దులుపుతోంది. నన్ను ఆసుపత్రిలో గుండె స్కానింగ్ చేసే ఎకో గదిలోంచి రిజిస్ట్రేషన్ కౌంటర్‌కు ఎందుకు మార్చారని అడిగావు. ఎవరూ మార్చలేదు, నేనే అడిగి మారాను.

ఆ గదిలో ఉండలేకపోయాను. ఎవరి ఛాతీ మీద జెల్ రాసి ప్రోబ్ ఆనించినా తెర మీద నాన్న గుండే కనిపించేది. చివరిరోజున ఒక ముసలామె, "అన్నిసార్లు కొలుస్తున్నావేంటమ్మా, నాకేమన్నా ఉందా?" అని అడిగింది. పాపం, ఆమెకేమీ లేదు.

ఇక నీ కొత్త ఉద్యోగం. గోదాములో బరువులెత్తే పని కాబట్టి గుండె బాగుందని కాగితం అడిగారనీ, రెండేళ్ళ కిందట నేను తీసిన ఎకో రిపోర్టు నకలు పంపమనీ రాశావు. పంపడం లేదు. ఎందుకో చెబుదామని రెండుసార్లు ఫోన్ చేశాను. నీ గొంతు వినగానే పెట్టేశాను. ఈ ఉత్తరం కూడా నాలుగుసార్లు చింపి మళ్ళీ మొదలుపెట్టాను.

ఆ మధ్యాహ్నం గది ఖాళీగా ఉందని నాన్ననూ నిన్నూ సరదాగా రమ్మన్నాను. నాన్న ఎడమపక్కకు తిరిగి పడుకుని, "ఎంతొచ్చింది కొలత? ఓ అరంగుళం లూజు పెట్టి రాయి," అన్నాడు. దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుంది? నవ్వుతూనే కొలిచాను. గుండెలోంచి బయలుదేరే పెద్ద రక్తనాళాన్ని మేం అయోర్టా అంటాం. నాన్నంత మనిషికి అది మూడున్నర సెంటీమీటర్లు, కాస్త అటూ ఇటూ ఉండాలి. నాలుగు దాటితే ఉబ్బినట్టు లెక్క. నాన్నకు నాలుగు పాయింట్ తొమ్మిది వచ్చింది.

మళ్ళీ కొలిచాను, అంతే వచ్చింది. ఉబ్బిన నాళం చీలిపోవచ్చు. ఛాతీ కోసే ఆపరేషన్ మాట వస్తుంది. అది నిజం కాకూడదనుకున్నాను. దోసకాయను ఏటవాలుగా కోస్తే చక్రం సాగినట్టు వస్తుంది కదా, మా కొలతలోనూ అలాంటి పొరపాటు జరుగుతుంది. అదే జరిగిందని నాకు నేనే చెప్పుకుని ప్రోబ్ జరిపాను. జరిపినకొద్దీ అంకె తగ్గింది. మూడు ఎనిమిది దగ్గర ఆపి, అదే రాశాను. నడిమధ్య వదిలేసి నాళం అంచుకు వెళ్ళిపోయానని నాకు తెలుసు. డాక్టరు నా అంకెను నమ్మి సంతకం చేశారు. ఎనిమిది నెలలకు నాన్న షాపులో వీపు పట్టుకుని కూలిపోయాడు. చీలింది అదే.

అమ్మ ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతో, "మా అమ్మాయే స్వయంగా చూసింది, ఏ లోపమూ లేదంది," అంటుంది. నేను పక్కన నిలబడి వాళ్ళకు మంచినీళ్ళు అందిస్తాను.

మెషిన్‌లో ఆ రోజు తీసిన కదిలే బొమ్మలన్నీ అలాగే ఉన్నాయి. గుండె మూడుసార్లు కొట్టుకున్నంత ముక్క, అయిపోగానే మళ్ళీ మొదలవుతుంది. నాన్న పోయి ఏడాది దాటినా అక్కడ ఆయన గుండె కొట్టుకుంటూనే ఉంది. ఎవరూ లేనప్పుడు తెరిచి చూసేదాన్ని. ఆపడానికి చెయ్యి వచ్చేది కాదు.

ఇంతవరకే అయితే చచ్చేదాకా దాచుకునేదాన్నేమో. నాన్న లేచాక అదే బల్ల మీద నువ్వు పడుకున్నావు. నీ పొడుగూ, ఆ సన్నటి వేళ్ళూ అచ్చం నాన్నవే. ఈ జబ్బు తండ్రి నుంచి బిడ్డలకు రావచ్చని నాకు తెలుసు. నీ రిపోర్టులో మూడు ఆరు అని ఉంది. మొదట వచ్చింది నాలుగు మూడు. ఆ పూట అలా జరపడం ఒకసారి చేసేశాను కదా, రెండోసారి చెయ్యి తడబడలేదు.

ఆ గోదాములో ఒక్క పెట్టె కూడా ఎత్తకు. ఈ ఉత్తరం అందిన రోజే వేరేవాళ్ళ చేత కొలిపించుకో. నాన్న ఎలా పోయాడో వాళ్ళకు దాచకుండా చెప్పు. ముందుగా తెలిస్తే మందులున్నాయి, ఆపరేషనూ ఉంది. నాన్నకూ ఉండేవి. రేపు పొద్దున మా పెద్ద డాక్టరుకు ఆ బొమ్మలు చూపిస్తాను. ఆ తర్వాత అమ్మకు చెప్తాను. నన్ను క్షమించమని అడగడం లేదురా. నువ్వు బతికుండి నన్ను తిట్టాలి, నాకు అదే కావాలి.

ఇట్లు,
నీ అక్క