ఎర్ర బంతి

వికారాబాద్

ప్రియమైన జహంగీర్‌కు,

ఫోన్ చేస్తే "పనిల ఉన్న, మల్ల చేస్త" అని తప్పించుకుంటున్నావు. అందుకే బస్సులో పంపే గొట్టాల పార్సెల్‌లోనే ఈ ఉత్తరం పెడుతున్నాను.

నేను చేసిన సెలైన్ స్టాండును, సూది పట్టకారును ఎవరూ కొనలేదు. ఈ ఊదుడు గొట్టం ఒక్కటే నన్ను నిలబెట్టింది. ఊదితే లోపలి ఎర్ర బంతి పైకి లేవాలి. ఛాతీలో బండల దుమ్ము చేరినవాళ్లకు సగంలోనే ఆగాలి. మీ తాండూరు బండల పాలిష్ ఫ్యాక్టరీలో మాత్రం అందరి బంతీ పైకే లేస్తోందని రాస్తున్నావు. ఎప్పుడూ దగ్గే భాగమ్మది కూడానా? పైగా నిన్ను మేస్త్రీని చేశారట. ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లం, అడగడానికి నోరు రావడం లేదు. దుమ్ము సంగతి దాచమని యజమాని నీకేమైనా ముట్టజెప్పాడా?

నీ మల్లికార్జున్

తాండూరు

దోస్త్ మల్లికార్జున్‌కు సలాం.

గొట్టాలు పగలకుండా అందాయి. నీ అనుమానం కూడా భద్రంగానే అందింది. మేస్త్రీ పని దొరికిన మాట నిజమే. అందరూ బాగానే ఊదుతున్నారు. నువ్వు మాత్రం ఇటు రావద్దు, బయటివాళ్లు వస్తే యజమానికి గిట్టదు.

జహంగీర్

వికారాబాద్

జహంగీర్‌కు,

రావద్దన్నావు కాబట్టే వచ్చాను. నువ్వు లోడు వెంట పోయావన్నారు. భాగమ్మ నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకుంది. బయట బల్ల మీదున్న ఒక గొట్టం విప్పి చూశాను. అందులో ఉన్నది నా బంతి కాదు, ఎర్ర రంగేసిన థర్మకోల్! పసిపిల్ల ఊదినా లేస్తుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను. ఇక్కడి దవాఖాన డాక్టర్లకు నీ పేరు చెప్పక తప్పదు. నీ మీద ఇంత కోపం నాకెప్పుడూ రాలేదు.

మల్లికార్జున్

తాండూరు

ప్రాణమిత్రుడు మల్లికార్జున్‌కు,

బంతులు మార్చింది నేనే. మొదట్లో కొందరిచేత నీ బంతితోనే ఊదించారు. సగంలో ఆగినవాళ్లను యజమాని పక్కకు నిలబెట్టాడు. దవాఖానకు పంపుతాడనుకున్నాం. "రేపటి సంది పనికి రాకుండ్రి" అన్నాడు. జబ్బు ముదిరి తన మెడకు చుట్టుకోకముందే మనుషులను వదిలించుకోవడానికే నీ గొట్టం కొన్నాడు. అలా పని పోయిన అనంతయ్య ఇప్పుడు మందుకు కూడా దిక్కులేక ఇంట్లో పడి ఉన్నాడు. గొట్టాల గది తాళం చేతికి రావాలనే మేస్త్రీ పని అడిగి తీసుకున్నాను. ఆ గొట్టం చేసినప్పుడు నీ సంతోషం కళ్లారా చూశాను, నీకు చెప్పడానికి మనసొప్పలేదు.

నీ అసలు బంతులు మా ఇంట్లోనే ఉన్నాయి. నిన్న తలుపేసుకుని, ఒకటి గొట్టంలో వేసి నేనూ ఊదాను. కదల్లేదు. చాలా భయమేసింది. మా బిడ్డ నాజ్నీన్‌కు ఇంకా చెప్పలేదు.

ఆదివారం వస్తున్నాను. మంచి డాక్టరుకు చూపించు. నా సంగతి మాత్రం ఫ్యాక్టరీ దాకా రానివ్వకు.

నీ జహంగీర్