మెట్లకు కొత్త రంగు

సరితా,

మన మెట్ల చెక్క రెయిలింగ్‌కు నువ్వు వేసిన నీలం రంగు నిన్న తీయించేశాను. కోప్పడకు, అమ్మే అడిగింది. జ్వరంతో దవాఖానకు పోయి నువ్వు మళ్లీ రాలేదు. ఏడాది కావస్తున్నా, మగ్గం మీద కూర్చున్నప్పుడల్లా ఆమె చూపు మెట్ల మీదికే పోతుంది. "గా నీలం కనవడ్తే పిల్ల దిగొస్తున్నట్టే ఉంటది. నేత సాగుతలేదు బిడ్డా, రంగు మార్పియ్యి" అంది.

పానగల్ నుంచి వచ్చిన పెయింటర్ పొద్దంతా గరుకు కాగితంతో రుద్దాడు. నీ నీలం పొడిపొడిగా మెట్ల నిండా రాలింది. అమ్మే ఊడ్చింది, ఏడవలేదు. సాయంత్రానికి ముదురు గోధుమ రంగు పడింది. ఆరేదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి అతను వెళ్లిపోయాడు.

అన్నానికి పిలిస్తే అమ్మ రాలేదు. మెట్ల కింద నిలబడి పైకి చూస్తోంది.

"ఏందమ్మా, తినవా?"

"దానికి చెప్పినవా?"

"ఎవరికి?"

"సరితకు. రెయిలింగ్ పట్టుకోకుండ ఒక్కనాడన్న దిగిందా అది? చేతికి రంగంటుతది. జర చెప్పు బిడ్డా."

ఆమె కళ్లలోకి చూశాను. మతి తప్పి అన్న మాట కాదది. నువ్వున్నప్పుడు రోజూ మాట్లాడినట్టే మాట్లాడింది. నేనూ తలెత్తి, నువ్వు పై గదిలో ఉంటే పిలిచే గొంతుతోనే అన్నాను:

"సరితా, రంగు ఇంక ఆరలే. గోడ పట్కొని దిగు."

అమ్మ నెమ్మదించి వచ్చి కంచం ముందు కూర్చుంది. నేను మాత్రం మెట్ల వైపు వీపు పెట్టి కూర్చోలేకపోయాను.

నీ అక్క