రొయ్యలు ఒలిచే చేతికి టేపు రికార్డరు

మల్కాపురం, 1983, బుధవారం రాత్రి

నేను చెబుతుంటే మనవరాలు గౌరి రాస్తోంది. తన సంగతే కాబట్టి సిగ్గుపడి మాటిమాటికీ ఆపుతోంది. ఆపితే ఊరుకోను.

ఈ రోజు దీన్ని వన్ టౌన్‌లో కరీం సాయిబు రేడియో షాపుకి తీసుకెళ్లి, రిపేరు పని నేర్పమన్నాను. ఆయన ఓడలో వచ్చిన టేపు రికార్డరు విప్పుకుని కూర్చున్నాడు.

"ఆడపిల్లకి ఈ పనేటి, మామ్మా?"

"మరి నీ చేతిలో టేపు రికార్డర్ని సేసినోల్లు ఎవరు, సాయిబూ?"

ఆయన నవ్వేశాడు. కంపెనీ జపానువాళ్లదే గానీ బిగించేది మలేషియాలో ఆడపిల్లలేనట. అక్కడ కూలి తక్కువ, విడిభాగాలు అడ్డు లేకుండా దిగుతాయి. మన దగ్గర చిన్న ముక్కకైనా పర్మిట్ కోసం పడిగాపులే.

వింటుంటే నాకు ఒళ్లంతా హుషారు పుట్టింది.

"ఆ జపానోల్లు తినే రొయ్యలు హార్బర్లో మేమే ఒలుత్తన్నాం. రొయ్య నడుంలో నల్ల నరం తెగకండా లాగుద్ది మా గౌరి. నీ తీగ ఏపాటి?"

ఆయన టంకం పెట్టే వేడి కడ్డీ గౌరి చేతికిచ్చాడు. మొదటిసారి సీసం ముద్దకట్టింది. రెండోసారి తీగ అతుక్కుంది, టేపు తిరిగింది.

"రేపు పదింటికి పంపించు, మామ్మా."

అయినా ఆ 'కూలి తక్కువ' అన్న మాట మనసులో మెదులుతూనే ఉంది. మలేషియా పిల్లల కూలి కూడా మా కూలిలాంటిదేనా...

గౌరి మళ్లీ ఆపింది. రేపటికి రొయ్యల వాసన పోవాలని నిమ్మచెక్కతో చేతులు తోముకుంటుందట. వద్దన్నాను. ఆ చేతులు చూసే కదా ఆయన రమ్మన్నాడు.